త్రీ రాదని పిల్లల పేర్లు కొట్టేయకండి: బాస్కెట్‌బాల్ కోచ్‌లకు బహిరంగ లేఖ

స్కూళ్లలో, కాలేజీ గ్రౌండ్లలో, మున్సిపల్ కోర్టుల్లో మన పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పుతున్న కోచ్‌లకు, పీఈటీ సార్లకు, మేడమ్‌లకు నమస్కారం.

ఈ మధ్య ఒకచోట అండర్-14 సెలక్షన్లు జరుగుతుంటే చూశాను. పిల్లల్ని వరసగా త్రీ పాయింట్ లైను (దాని బయట నుంచి వేస్తే మూడు పాయింట్లు) వెనక నిలబెట్టి షాట్లు వేయించారు. పడినవాళ్లు ఒకవైపు, పడనివాళ్లు ఇంకోవైపు. పడనివాళ్ల పేర్లు అక్కడికక్కడే కొట్టేశారు. వాళ్లలో ఒక పొడుగు కుర్రాడున్నాడు. అంతకు ముందు వార్మప్‌లో ఎవరు వేసిన షాట్ తప్పినా రిబౌండ్ (తిరిగొచ్చే బంతి) అతనిదే. బంతి ఎటు పడుతుందో ఒక క్షణం ముందే తెలిసినట్టు కదులుతున్నాడు. అతని చేత ఒక్క మ్యాచ్ కూడా ఆడించకుండానే ఇంటికి పంపేశారు. ఎందుకండీ అని అడిగితే, "ఎన్‌బీఏ చూడట్లేదా, ఇప్పుడంతా త్రీలే. షాట్ లేనివాడికి ఫ్యూచర్ లేదు" అన్నారు.

ఆ జవాబు విన్నాకే ఈ లేఖ రాయాలనిపించింది. ఎందుకంటే అమెరికా ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌బీఏ చెబుతున్నది అది కాదు. దూరం నుంచి వేయలేనివాడు ప్రొఫెషనల్ ఆటలో రాణించగలడా అంటే, గలడు. ఇప్పటికీ రాణిస్తున్నారు. దానికి ఒక షరతు మాత్రం ఉంది. డిఫెన్స్ అతన్ని వదిలేస్తే, అలా వదిలేసినందుకు ఆ జట్టు నష్టపోవాలి. అలాంటి పని ఏదో ఒకటి అతని చేతిలో ఉండాలి. ఆ పని ఏమిటో పసిగట్టడం, దాన్ని పెంచడం కోచ్ వంతు. పేరు కొట్టేస్తే ఆ అవకాశమే ఉండదు.

ముందు త్రీ గొప్పతనం ఒప్పుకుందాం, అందులో దాపరికం అక్కర్లేదు. వంద త్రీలు వేస్తే 36 పడ్డాయనుకోండి, 108 పాయింట్లు వస్తాయి. లైనుకు ఒక అడుగు లోపల నిలబడి రెండు పాయింట్ల జంప్ షాట్లు వంద వేసి అన్నే పాయింట్లు రాబట్టాలంటే 54 పడాలి. అంత దూరం నుంచి అలా వేయగలిగేవాళ్లు చాలా అరుదు. ఎన్‌బీఏలో ఈ లైను 1979-80 సీజన్లో వచ్చింది. 1979 అక్టోబరు 12న బోస్టన్ ఆటగాడు క్రిస్ ఫోర్డ్ మొదటి త్రీ వేశాడు. ఆ సీజన్లో ఒక జట్టు మ్యాచ్‌కు సగటున మూడు త్రీలు కూడా ప్రయత్నించలేదు. 2024-25 వచ్చేసరికి ఆ సగటు 37 దాటింది. బోస్టన్ అయితే 48 దాటించింది. మధ్యలో స్టెఫ్ కర్రీ 2015-16లో ఒక్క సీజన్లోనే 402 త్రీలు సాధించి ప్రపంచంలోని ప్రతి పిల్లవాడినీ లైను వెనక్కి లాక్కెళ్లాడు. ఆ ఆట చూసి ముచ్చటపడని వాళ్లెవరుంటారు?

అయితే అదే లెక్క రింగు కింద కూడా వేయండి. అక్కడ వందకు 65 పడితే 130 పాయింట్లు, అంటే త్రీ కంటే ఎక్కువ. పైగా ఫౌల్ అయితే ఫ్రీ త్రోలు (ఎవరూ అడ్డురాకుండా వేసే ఒక్కో పాయింటు షాట్లు), ఎదుటి జట్టు పెద్ద ఆటగాడి ఖాతాలో ఒక ఫౌల్. జట్లు ఈ లెక్కలు చూసుకుని తగ్గించుకున్నది మధ్య దూరం జంప్ షాట్లను. రింగు దగ్గరికి వెళ్లడం ఎవరూ మానలేదు. అసలు ఆ త్రీలన్నీ ఖాళీగా ఎందుకు దొరుకుతున్నాయి? ఎవరో ఒకరు లోపలికి దూసుకెళ్లి ఇద్దరు ముగ్గురు డిఫెండర్లను తన మీదికి లాగుతున్నారు కాబట్టి. లోపలికి వెళ్లేవాడు లేని జట్టుకు బయట నిలబడ్డ షూటర్లు నలుగురున్నా, చేతులు అడ్డం పెట్టిన డిఫెండర్ల మీదుగానే వేయాలి.

దీనికి యానిస్ ఆంటెటోకూన్‌పో కంటే పెద్ద సాక్ష్యం నాకు కనిపించదు. మిల్వాకీ బక్స్ తరఫున 2019లో, 2020లో వరసగా ఎంవీపీ, అంటే సీజన్లో అత్యుత్తమ ఆటగాడు. కానీ ఆ రెండేళ్లూ ప్లేఆఫ్స్‌లో (నాలుగు మ్యాచ్‌లు గెలిచిన జట్టే ముందుకెళ్లే నాకౌట్ సిరీస్‌ల్లో) ఓడిపోయాడు. 2019లో టొరంటో అతని ముందు మనుషులతో గోడ కట్టింది. 2-0తో ముందున్న మిల్వాకీ తర్వాత నాలుగు మ్యాచ్‌లూ వరసగా ఓడింది. 2020లో మయామీ చేతిలో 4-1. అప్పుడు విశ్లేషకులందరిదీ ఒకటే పాట: షాట్ నేర్చుకోకపోతే ఇతను చాంపియన్ కాలేడు. తర్వాత ఏం జరిగింది? అతను షూటర్ అయ్యాడా? 2021 ప్లేఆఫ్స్‌లో అతని త్రీ శాతం 20 కూడా లేదు. ఫ్రీ త్రోలు 60 శాతం దాటలేదు. ఫ్రీ త్రో లైను దగ్గర ఎక్కువసేపు తీసుకుంటాడని ప్రత్యర్థి అభిమానులు స్టేడియం దద్దరిల్లేలా అంకెలు లెక్కపెట్టేవాళ్లు. అంత టెన్షన్‌లోనూ అతను ప్రతి మ్యాచ్‌లో రింగు దగ్గరికే వెళ్లాడు. 2021 జులై 20న ఫీనిక్స్‌తో జరిగిన ఫైనల్స్ ఆరో మ్యాచ్‌లో 50 పాయింట్లు కొట్టాడు. వాటిలో త్రీ ఒక్కటే. ఫ్రీ త్రోలు 19 వేస్తే 17 పడ్డాయి. 14 రిబౌండ్లు, 5 బ్లాకులు. మిల్వాకీకి 50 ఏళ్ల తర్వాత టైటిల్ వచ్చింది.

ఆ తర్వాత అతను ఎంచుకున్న దారి చూస్తే నాకు ఇంకా ఎక్కువ గౌరవం కలుగుతుంది. త్రీలు పెంచలేదు, తగ్గించాడు. 2024-25లో మ్యాచ్‌కు సగటున ఒక్క త్రీ కూడా ప్రయత్నించకుండానే 30 పాయింట్లకు పైగా సాధించాడు. లీగ్ అంతా బయటికి పరుగెడుతున్న రోజుల్లో అతను లోపలికి నడిచాడు.

"యానిస్‌లాంటి ఒడ్డూ పొడుగూ మన పిల్లలకు ఎక్కడి నుంచి వస్తుంది?" అని మీరు అడుగుతారని తెలుసు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ టైటిల్ వెనక ఇంకో మనిషి ఉన్నాడు, అతని కథ మన పిల్లలకు బాగా పనికొస్తుంది. అతని పేరు బ్రూక్ లోపెజ్, రింగు దగ్గర ఆడే ఏడడుగుల సెంటర్. ఎన్‌బీఏలో మొదటి ఎనిమిది సీజన్లలో అతను ప్రయత్నించిన త్రీలన్నీ కలిపి 31, పడ్డవి మూడు. తొమ్మిదో సీజన్లో, 2016-17లో, ఏకంగా 134 పడ్డాయి. తర్వాత మిల్వాకీ వచ్చి లైను బయట నిలబడితే ఎదుటి జట్టు పెద్ద ఆటగాడు రింగు వదిలి అతని కోసం బయటికి రావాల్సి వచ్చింది. ఆ ఖాళీలోకి యానిస్ దూసుకెళ్లాడు. ఒకరికి షాట్ లేదు, ఇంకొకరికి షాట్ ఆలస్యంగా వచ్చింది. ఇద్దరూ కలిస్తే చాంపియన్లు. ఇలా ఒకరి లోటు ఇంకొకరు పూడ్చేలా అయిదుగురిని కూర్చడమే కదా కోచ్ పని! క్రికెట్‌లో సిక్సర్ కొట్టలేడని మంచి వికెట్ కీపర్ని మనం ఇంటికి పంపం కదా.

జేసన్ కిడ్ సంగతి కూడా చెప్పాలి. 1994లో లీగ్‌లోకి వచ్చినప్పుడు అతనికి షాట్ లేదని వెక్కిరించేవాళ్లు. పాస్‌లతో, రిబౌండ్లతో, డిఫెన్స్‌తో స్టార్ అయ్యాడు. ఏళ్ల తరబడి షాట్ మీద పనిచేసి 2013లో రిటైరయ్యేసరికి 1,988 త్రీలు సాధించాడు. అప్పటికి ఎన్‌బీఏ చరిత్రలో అది మూడో స్థానం. మరి పదమూడేళ్ల వయసులో ఒక పిల్లవాడి షాట్ చూసి భవిష్యత్తు తేల్చేస్తే ఎలా?

ఇప్పుడు రెండో వైపు. త్రీ లేనివాడికి కష్టాలు లేవని నేను చెబితే మీరు నమ్మరు, నమ్మకూడదు కూడా.

2015 వెస్ట్ సెమీఫైనల్స్‌లో మెంఫిస్, గోల్డెన్ స్టేట్ మీద 2-1తో ముందుంది. మెంఫిస్ గార్డు టోనీ అలెన్ ఆ తరంలో అత్యుత్తమ డిఫెండర్లలో ఒకడు, ఏటా ఉత్తమ డిఫెండర్లతో ప్రకటించే ఆల్-డిఫెన్సివ్ జట్లలో ఆరుసార్లు ఉన్నాడు. కానీ అతనికి దూరపు షాట్ లేదు. నాలుగో మ్యాచ్‌లో గోల్డెన్ స్టేట్ తమ సెంటర్ ఆండ్రూ బోగట్‌ని అతని మీద పెట్టింది. మీద పెట్టడమంటే పేరుకే. బోగట్ అతని దగ్గరికి పోకుండా రింగు కిందే ఉండి మిగతావాళ్ల దారులన్నీ మూసేశాడు. అలెన్ ఖాళీగా నిలబడ్డాడు. బంతి ఇస్తే వేయలేడు, ఇవ్వకపోతే మెంఫిస్ నలుగురితో ఆడుతున్నట్టే. చివరికి అతన్ని బెంచ్ మీద కూర్చోబెట్టక తప్పలేదు. గోల్డెన్ స్టేట్ వరసగా మూడు మ్యాచ్‌లు గెలిచి, తర్వాత టైటిల్ కూడా తీసుకెళ్లింది. 2024లో డల్లాస్ ఇదే పని జోష్ గిడీతో చేసింది. ఓక్లహోమా సిటీ అతన్ని స్టార్టింగ్ అయిదుగురిలోంచి తప్పించింది, ఆ వేసవిలోనే షికాగోకు ట్రేడ్ చేసింది.

వీళ్లిద్దరూ నేర్పే పాఠాన్ని "త్రీ లేకపోతే అంతే" అని కుదించేస్తే చాలా పోగొట్టుకుంటాం. నిన్ను వదిలేసిన క్షణంలో నువ్వు ఏం చేస్తావు అన్నదే అసలు ప్రశ్న. లైను బయట చేతులు వేలాడేసుకుని నిలబడితే ఎదుటి కోచ్ కోరుకున్నది నువ్వే చేసినట్టు. డిఫెండర్ నీకు దూరంగా ఉన్నాడంటే, నువ్వు వెళ్లి షూటర్ వెంటపడేవాడికి అడ్డంగా నిలబడి స్క్రీన్ పెట్టినప్పుడు ఆ షూటర్ మీదికి సాయం రావడానికి దగ్గర్లో ఎవరూ ఉండరు. నీ డిఫెండర్ తల బంతివైపు తిరిగితే బేస్‌లైన్ (రింగు వెనక గీత) వెంట రింగు వైపు కట్ చేయొచ్చు, అంటే దూసుకెళ్లొచ్చు. షాట్ గాల్లో ఉండగానే రిబౌండ్‌కి ముందు వెళ్లొచ్చు. రూడీ గోబేర్ ఏళ్ల తరబడి ఇలాగే బతికాడు. దూరం నుంచి అతను వేయడు. స్క్రీన్ పెడతాడు, రింగు వైపు దూసుకెళ్తాడు, అందిన బంతిని చేత్తోనే రింగులోకి కొట్టి డంక్ చేస్తాడు. డిఫెన్స్‌లో రింగు కాపలా కాస్తాడు. 2018, 2019, 2021, 2024లలో నాలుగుసార్లు ఉత్తమ డిఫెండర్ అవార్డు అతనికే వచ్చింది. కుర్రాళ్లలో చూడాలంటే హ్యూస్టన్ జట్టులో ఆమెన్ థాంప్సన్ ఉన్నాడు. త్రీ బలహీనమే. అయినా 2024-25లో ఆల్-డిఫెన్సివ్ మొదటి జట్టులో నిలిచాడు. ఖాళీ కనిపిస్తే చాలు, ఎదుటివాళ్లు తేరుకునేలోపే రింగు దగ్గర ఉంటాడు.

అమ్మాయిలకు నేర్పేవాళ్లు సిల్వియా ఫౌల్స్ మ్యాచ్‌లు చూపించండి. అమెరికా మహిళల లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో మిన్నెసోటాకు 2015, 2017 టైటిళ్లు తెచ్చి, రెండుసార్లూ ఫైనల్స్ ఎంవీపీ అయిన సెంటర్. నాలుగు ఒలింపిక్ స్వర్ణాలున్నాయి. రింగుకి వీపు పెట్టి, కాళ్ల పనితో, మెత్తని చేతులతో కెరీర్ మొత్తం మీద 60 శాతానికి దగ్గరగా షాట్లు వేసింది. ఆ కాళ్ల పని నేర్చుకోవడానికి ఖరీదైన సామాను ఏదీ అక్కర్లేదు. ఒక రింగు, ఓపిక ఉన్న ఒక కోచ్ చాలు.

బెన్ సిమన్స్ పేరు ఎత్తకుండా ఈ చర్చ ఎప్పుడూ ముగియదు. జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 2016లో మొదటి పిక్, 2018లో రూకీ ఆఫ్ ది ఇయర్ (కొత్తవాళ్లలో ఉత్తముడు), మూడుసార్లు ఆల్ స్టార్. రెండు మీటర్లు దాటిన ఎత్తుతో పాయింట్ గార్డుగా ఆడేవాడు. త్రీ లేకపోవడం వల్లే కూలిపోయాడని అందరూ అంటారు. నాకు అలా అనిపించదు. మూడు ఆల్ స్టార్ సీజన్లూ అతను త్రీ లేకుండానే ఆడాడు. 2021లో అట్లాంటాతో జరిగిన సిరీస్‌లో అతన్ని దెబ్బతీసింది ఫ్రీ త్రో: 45 వేస్తే 15 పడ్డాయి. ఆ లైను దగ్గరికి పోవాల్సి వస్తుందన్న భయం మెల్లగా అతన్ని రింగుకే దూరం చేసిందని నా నమ్మకం. ఏడో మ్యాచ్ చివర్లో రింగు కింద బంతి చేతిలో ఉండి, ముందున్నది తనకంటే చాలా పొట్టివాడైన ట్రే యంగ్ అయినా, డంక్ చేయకుండా పక్కవాడికి పాస్ ఇచ్చేశాడు. ఆ క్లిప్ చూసిన ప్రతిసారీ నాకు బాధేస్తుంది. ఆ కుర్రాడికి లేకుండా పోయింది దూరపు షాట్ కాదు, దగ్గరి ధైర్యం. తర్వాత వెన్ను సర్జరీ కూడా అతన్ని వెనక్కి లాగింది, అది మరిచిపోకూడదు.

అందుకే నేను మిమ్మల్ని బతిమాలేది ఫ్రీ త్రో గురించి. లోపల ఆడేవాడికి త్రీ రాకపోయినా గడుస్తుంది, ఫ్రీ త్రో రాకపోతే గడవడం చాలా కష్టం. షాకీల్ ఓనీల్ కెరీర్ మొత్తంలో 22 త్రీలు ప్రయత్నించి ఒక్కటి వేశాడు, నాలుగు టైటిళ్లు గెలిచాడు. అంతటి బలవంతుడిని కూడా ఆపడానికి జట్లు కావాలని ఫౌల్ చేసేవి. కారణం, అతని ఫ్రీ త్రోలు వందకు 53 కూడా పడేవి కాదు. షాక్ అంత బలం ఉంటే ఆ లోటును మోయొచ్చు. మామూలు ఆటగాడు మోయలేడు. పైగా ఫ్రీ త్రోలో పొడుగు అడ్డం రాదు, ఎవరూ మీదికి రారు, దూరం బోర్డుకు 4.6 మీటర్లే. మోచేయి ఎక్కడుంది, మణికట్టు చివరిదాకా వంగుతోందా, మోకాళ్ల నుంచి బలం వస్తోందా అన్నది అక్కడే దిద్దాలి. ఆ చెయ్యి కుదిరితే త్రీ లైను దాకా వెనక్కి జరగడం తర్వాత ఏళ్ల పని.

మనం మాత్రం తిరగేసి మొదలుపెడుతున్నాం. అంతర్జాతీయ సమాఖ్య ఫిబా త్రీ లైను 6.75 మీటర్లు. 2010కి ముందు పెద్దవాళ్లకే అది 6.25 ఉండేది. అంత దూరం నుంచి పన్నెండేళ్ల పిల్లవాడు పెద్దవాళ్ల బంతితో, 3.05 మీటర్ల ఎత్తున్న రింగులోకి వేయాలంటే ఏం చేస్తాడు? భుజం మీద నుంచి విసురుతాడు, లేదా రెండు చేతులతో నెడతాడు. పది వేస్తే రెండు పడతాయి, మనం చప్పట్లు కొడతాం. ఆ విసురుడే అలవాటైపోతుంది. పదిహేడేళ్లకు దాన్ని విడిపించడం ఎంత కష్టమో నాకంటే మీకే బాగా తెలుసు. మినీ బాస్కెట్‌బాల్‌కి 2.60 మీటర్ల రింగు, 5 సైజు బంతి ఉన్నది ఇందుకే. రింగు దించే వీలు అన్ని గ్రౌండ్లలో ఉండదు, నిజమే. కానీ పిల్లవాడిని రెండడుగులు ముందుకు జరపడానికి ఖర్చేమీ లేదు.

3×3 (ముగ్గురు ముగ్గురుగా ఆడే ఆట) ఆడించేవాళ్లకు ఒక మాట. అక్కడ లోపలి షాట్‌కి ఒక పాయింటు, లైను బయట నుంచి వేస్తే రెండు. అంటే బయటి షాట్ విలువ రెట్టింపు. బయట నుంచి వందకు 36 పడితే వచ్చే 72 పాయింట్లను లోపల రాబట్టాలంటే వందకు 72 పడాలి. కాబట్టి 3×3లో షూటర్ల వెంట పడటం సబబే. 3×3 టోర్నీలో చూసినదాన్ని బట్టి అయిదుగురి జట్టుకు ఎవరు పనికిరారో తేల్చడం మాత్రం తప్పు.

షాట్ నేర్పవద్దని నేను అనడం లేదు. ప్రతి పిల్లవాడికీ, ప్రతి పాపకీ నేర్పాలి. ముఖ్యంగా పొడుగు లేని గార్డులకు అది లేకపోతే పై స్థాయిలో తలుపులు చాలా మూసుకుపోతాయి. డెమార్ డెరోజన్‌లా మధ్య దూరం షాట్లే ఆయుధంగా 25 వేల పాయింట్లు దాటినవాళ్లు ఉన్నారు, కానీ ఆ నైపుణ్యం వందల్లో ఒకరికి. ఒకే జట్టులో షాట్ లేనివాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి ఆడితే రింగు ముందు నిలబడటానికే చోటుండదు, అదీ నిజం. ఈ ఇబ్బందులన్నీ తెలిసే అడుగుతున్నాను: షాట్‌ని నేర్పాల్సిన విద్యగా చూడండి, గేటు దగ్గర అడిగే టికెట్‌గా చూడకండి.

ఈ ఏడాది సెలక్షన్లలో ముందు పిల్లల్ని అయిదుగురు అయిదుగురుగా ఆడించండి. బంతి లేనప్పుడు ఎవరు కదులుతున్నారో చూడండి. తప్పిన షాట్ వెంట ఎవరు వెళ్తున్నారు, పక్కవాడిని ఎదుటివాడు దాటిపోయినప్పుడు సాయానికి ఎవరు వస్తున్నారు, పరుగెత్తి వెనక్కి ఎవరు చేరుతున్నారు అన్నది రాసుకోండి. షాట్ల పరీక్ష పెట్టాలనుకుంటే ఫ్రీ త్రోలు వేయించండి, పడిందా లేదా అన్నదానితో పాటు చెయ్యి ఎలా ఉందో కూడా చూడండి. ఎవరినైనా తప్పించాల్సి వస్తే, వచ్చే ఏడాదికి ఏం నేర్చుకుని రావాలో ఆ పిల్లవాడిని పక్కకు పిలిచి చెప్పి పంపండి.

ఇట్లు,
ఈ ఆటను ప్రేమించే ఒక పాత ఆటగాడు